కారు మీద చెరగని ముగ్గు వేయడం ఎలా

వాకిట్లో వేసిన ముగ్గు సాయంత్రానికి చెదిరిపోతుంది, మర్నాడు మళ్లీ వేస్తాం. కారు మీద వేసే ముగ్గుకు ఆ వెసులుబాటు లేదు. ఎండకు, వానకు, రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచే చేతికి ఏళ్ల తరబడి తట్టుకోవాలి. గీత అదే, చెయ్యి అదే. గీత కింద, గీత పైన చేయాల్సిన పనే వేరు.

ఆ పని తెలియక నేను ఒకసారి దెబ్బతిన్నాను. మా పాత మారుతి 800 డిక్కీ మీద మూడు రోజులు కూర్చుని, గేట్లకు వేసే ఎనామిల్ రంగుతో మెలికల ముగ్గు వేశాను. బాగా కుదిరింది. మెరుపు కోసం, రక్షణ కోసం పైన క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శకమైన పూత, కొట్టించడానికి ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. స్ప్రే గన్ను ఆపిన పది నిమిషాల్లో నా గీతలన్నీ పాల మీద మీగడలా ముడతలు పడ్డాయి. తప్పు షెడ్డు వాళ్లది కాదు. ఒకదానికొకటి పడని రెండు రంగులను నేనే ఒకదాని మీద ఒకటి వేయించాను. మీకు అలా జరగకూడదని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

కారు మొత్తం రంగు మార్చడం గురించి నేను చెప్పడం లేదు. ఒకే ఒక భాగం మీద, ఒకటి రెండు రంగుల్లో, చేత్తో వేసే ముగ్గు గురించే. మొదటిసారి వేసేవాళ్లకు అంతకంటే ఎక్కువ వద్దు.

ముగ్గే ఎందుకు అంటారా? ముగ్గంతా గీత. నింపాల్సిన పెద్ద పెద్ద జాగాలు ఉండవు కాబట్టి బ్రష్ చారలు కనబడవు, రంగు మందంగా పేరుకోదు. చుక్కలు కొలత ఇస్తాయి కనుక బొమ్మలు వేయడం రానివాళ్లకు కూడా పొందిక కుదురుతుంది. ఇంటి ముంగిలి గీతలు కారెక్కడం కొత్త కూడా కాదు. కళాకారుల చేత కార్ల మీద బొమ్మలు వేయించే బీఎండబ్ల్యూ ఆర్ట్ కార్ల వరుస 1975లో మొదలైంది. అందులో 1991లో దక్షిణాఫ్రికాకు చెందిన ఎస్తర్ మహ్లాంగు తమ ఎన్‌డెబెలె తెగ ఇళ్ల గోడల మీద ఆడవాళ్లు వేసే నమూనాలనే ఒక 525ఐ కారు మీద వేసింది. ఆ వరుసలో కారు చేసిన మొదటి మహిళ ఆమే. కోడి ఈకను బ్రష్‌గా వాడి గోడల మీద గీతలు లాగడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. మన ఇళ్లలో ముగ్గు చెయ్యి తిరిగినవాళ్లు ఎంతమంది లేరు!

ముందు చోటు చూసుకోండి

డిక్కీ తలుపు మంచిది. బానెట్ అయితే కింద ఇంజిన్ వేడి, పైన ఎండ, హైవే మీద ఎదురుగా ఎగిరొచ్చే రాళ్లు. బంపర్ ప్లాస్టిక్, వంగుతుంది, దాని మీద రంగు పట్టడానికి వేరే ప్రైమర్ కావాలి. డోర్లు బాగానే ఉంటాయి కానీ పార్కింగ్‌లో పక్క బండి తలుపు తగిలేది అక్కడే.

ఎంచుకున్న భాగం మీద ఫ్రిజ్ అయస్కాంతం ఒకటి పల్చటి గుడ్డలో చుట్టి జరిపి చూడండి. ఒకచోట పట్టు సడలితే అక్కడ లోపల లప్పం ఉన్నట్టు, అంటే ఎప్పుడో దెబ్బ తగిలి సరిచేసిన చోటు. లప్పం బిగువుగా ఉంటే ఇబ్బంది లేదు. అంచున పగులు గానీ, పొంగు గానీ, తుప్పు గానీ కనిపిస్తే ముందు అది బాగు చేయించాలి. ఊడిపోయే గోడ మీద సున్నం వేసి లాభం లేదు.

రూల్స్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం బండి ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు, బండి రంగు కూడా ఆర్‌సీలో ఉంటుంది. ఒక భాగం మీద నాలుగు గీతలు వేస్తే అసలు రంగు అలాగే ఉంటుంది. ముగ్గు కారంతా పాకేలా ఉంటే మాత్రం బ్రష్ పట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి. సైన్యం బండ్ల ఆలివ్ గ్రీన్ రంగు మామూలు బండ్లకు వాడకూడదు. నంబర్ ప్లేటు, లైట్లు, రిఫ్లెక్టర్ల మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. అద్దాల జోలికీ పోవద్దు. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది రూలు.

ఏ రంగు మీద ఏది పడుతుంది

మొత్తం పనిలో నిజంగా తలకెక్కించుకోవాల్సింది ఇదే.

గేట్లకు, కిటికీలకు వేసే సింథటిక్ ఎనామిల్ గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. ముట్టుకుంటే ఒక్క రోజులో ఆరినట్టే ఉంటుంది, లోపల గట్టిపడడానికి వారాలు పడుతుంది. కారు పైపూతకు వాడే టూకే క్లియర్‌లో, అంటే హార్డనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే క్లియర్‌లో, ఘాటైన థిన్నర్ ఉంటుంది. అది సగం ఆరిన ఎనామిల్‌లోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, ముడతలు వచ్చేస్తాయి. నాకు జరిగింది అదే. లారీల మీద పూలు, చిలుకలు వేసే ఆర్టిస్టులు ఎనామిలే వాడతారు, ఎంతో అందంగా వేస్తారు. వాళ్లు దాని మీద క్లియర్ కొట్టరు, రంగు వెలిసినప్పుడు మళ్లీ వేస్తారు. మీకూ ఆ పద్ధతి సరిపోతుందంటే ఎనామిల్ హాయిగా వాడుకోండి, క్లియర్ మాట మరిచిపోండి.

క్లియర్ కావాలంటే రెండు దారులు. ఒకటి, కారు రంగులు కలిపి ఇచ్చే షాపులో దొరికే బేస్ కోటు, అంటే క్లియర్ కింద వేసే రంగు. వంద మిల్లీలీటర్లు తీసుకుంటే చాలా ముగ్గులకు సరిపోతుంది. క్లియర్‌తో దానికి పేచీ ఉండదు. కానీ నిమిషాల్లో ఆరిపోతుంది, ఆరిన గీత మీద మళ్లీ బ్రష్ పెడితే కింది రంగు కరిగి లేచొస్తుంది. కాబట్టి మెల్లగా ఆరే స్లో థిన్నర్ కలుపుకుని, గీతను ఒకే ఊపులో లాగేయాలి. రెండోది, నీళ్లలో కలిసే పల్చటి అక్రిలిక్ రంగు. గీత తప్పితే వెంటనే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. మొదటిసారి వేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. షరతు ఒక్కటే, పొర పల్చగా ఉండాలి. అక్రిలిక్‌ను మందంగా వేస్తే క్లియర్ కింద అది పగులుతుంది.

ఇక ఏ రంగు? ముగ్గుకు మన పెద్దవాళ్లు ఎంచుకున్న తెలుపు, కావి రంగులే కారుకూ మేలు. కావి అంటే ఐరన్ ఆక్సైడ్, ఒక రకంగా తుప్పు. ఇక ఎండ దాన్ని కొత్తగా చేయగలిగిందేమీ లేదు. అందుకే పాత ఇళ్ల అరుగుల మీద ఆ ఎరుపు అన్నేళ్లు నిలిచింది. తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్, నలుపులో ఉండే కార్బన్, పసుపు మట్టి రంగు కూడా వెలవవు. మెరిసిపోయే గులాబీ, నియాన్ ఆకుపచ్చ లాంటి ఫ్లోరసెంట్ రంగులు మాత్రం వద్దు. రామగుండం ఎండలో అవి ఎన్నాళ్లో ఉండవు. ముదురు రంగు కారు మీద తెల్ల గీత, తెల్ల కారు మీద కావి గీత. ఈ రెండిటికి మించిన అందం నాకైతే ఇంతవరకూ కనబడలేదు.

ఒక పాత తలుపు మీద పరీక్ష

స్క్రాప్ షాపులో ఏదో ఒక కారు పాత డోరు గానీ, బంపర్ కాని ఏదైనా రేకు భాగం గానీ అడిగి తెచ్చుకోండి. మీరు కారు మీద చేయబోయేదంతా ముందు దాని మీద చేయండి, క్లియర్‌తో సహా. రెండు వారాలు ఎండలో పెట్టండి. చివరికి గీత మీద మాస్కింగ్ టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. రంగు టేపుతో రాకపోతే మీ సరుకు, మీ పద్ధతి రెండూ సరిగ్గా ఉన్నట్టే. ఈ పరీక్ష వదిలేసి తర్వాత కారు మొత్తం గీకించుకున్నవాళ్లు నాకు తెలుసు.

నేల సిద్ధం చేయడం

పేడనీళ్లతో అలకని వాకిట్లో ముగ్గు నిలవదని మనకు తెలుసు. ఇక్కడ ఆ అలకడం వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో.

ముందు షాంపూతో కడిగి ఆరబెట్టండి. ఆ తర్వాత వాక్స్, గ్రీజు తీసే ద్రావకంతో రెండు గుడ్డలు పెట్టి తుడవాలి. ఒక గుడ్డ తడిది, వెనకే ఇంకో గుడ్డ పొడిది. తడి ఆరిపోకముందే పొడిగుడ్డతో ఎత్తేయాలి, లేకపోతే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే కూర్చుంటుంది. వరస ముఖ్యం. జిడ్డు తీయకుండా వాటర్ పేపర్ పెడితే ఆ జిడ్డును మీరే గీతల్లోకి రుద్దినట్టవుతుంది. టైర్ పాలిష్, డ్యాష్‌బోర్డ్ పాలిష్‌లలో ఉండే సిలికాన్ అన్నిటికంటే మొండిది. అది కొంచెం మిగిలినా క్లియర్ అక్కడ పట్టక గుండ్రటి చిన్న చిన్న గుంటలు పడతాయి.

ఇప్పుడు 1000 నంబర్ వాటర్ పేపర్‌ను ఒక పావుగంట నీళ్లలో నానబెట్టి, నీళ్లు పోసుకుంటూ, అరచేతి ఒత్తిడితోనే రుద్దండి. మెరుపు పోయి పలక మీద సుద్ద తుడిచినట్టు మసకబారితే చాలు. కారే నీళ్లను గమనిస్తూ ఉండండి. పాలలా తెల్లగా కారుతున్నంతసేపు మీరు క్లియర్ పొర మీదే ఉన్నారు. కారు రంగు నీళ్లలో కనబడిందంటే పొర దాటారు, వెంటనే ఆపాలి. పాత మారుతి 800 తెలుపు లాంటి సాదా రంగులకు విడిగా క్లియర్ ఉండదు కాబట్టి వాటిలో మొదటి నుంచీ రంగే వస్తుంది, కంగారు వద్దు. అంచులు, మడతల మీద పొర పల్చగా ఉంటుంది, అక్కడ రెండుసార్లు పోనిస్తే చాలు. ముగ్గు మధ్యలోనే అయినా మసకబార్చాల్సింది ఆ భాగం మొత్తాన్ని, ఎందుకంటే క్లియర్ అంచు నుంచి అంచు దాకా పడుతుంది.

కడిగాక నీళ్లు చల్లి చూడండి. ముత్యాల్లా నిలబడితే ఇంకా జిడ్డు ఉంది. పల్చగా పరుచుకుంటే సిద్ధం. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోవద్దు. ముఖ్యంగా తలకు నూనె రాసుకున్న చేత్తో!

చుక్కలు పెట్టడం

మొదటి ముగ్గుకు 7 చుక్కలు, సందు చుక్క (రెండు చుక్కల సందులో పై వరస చుక్క వచ్చేలా), 4 వచ్చేవరకు. మధ్య వరసలో 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. చుక్కకు చుక్కకు 4 సెంటీమీటర్లు, వరసకు వరసకు మూడున్నర సెంటీమీటర్లు పెడితే ముగ్గు 24 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. చుక్కల చుట్టూ తిరిగే మెలికకు అన్ని వైపులా ఇంకో రెండు సెంటీమీటర్లు వదలండి. మామూలు హ్యాచ్‌బ్యాక్ డిక్కీకి ఇది సరిపోతుంది. మెలికలు వద్దనుకుంటే, బండి మీద రథం ముగ్గు కూడా భలే ఉంటుంది. కనుమ నాడు వాకిట్లో వేసి, తాడు గీసి పక్కింటి ముగ్గుతో కలుపుతామే, ఆ రథమే.

ముగ్గును ముందు బటర్ పేపర్ మీద అసలు సైజులో వేయండి. రెండుమూడు సార్లు వేస్తే చేతికి దారి తెలుస్తుంది. తర్వాత గీత వెంబడి సూదితో రెండు మిల్లీమీటర్లకో చిల్లు పెట్టండి. మగ్గం వర్క్ చేసేవాళ్లు జాకెట్ మీదికి డిజైన్ దించే పద్ధతే ఇది, కానీ వాళ్లలా కిరోసిన్‌లో పొడి కలపొద్దు, కష్టపడి తీసిన జిడ్డు మళ్లీ వచ్చేస్తుంది. పల్చటి గుడ్డలో సుద్దపొడి మూటకట్టి పొడిగానే తట్టండి. తెల్ల కారైతే మెత్తగా నూరిన బొగ్గుపొడి.

కాగితం అంటించే ముందు పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. డిక్కీ రేకు వంపు తిరిగి ఉంటుంది, స్కేలుతో కొలిచిన మధ్య కంటికి మధ్యలా అనిపించకపోవచ్చు. ఇక్కడ కొలతను కాకుండా కంటిని నమ్మండి. కాగితం తీశాక చుక్కలు మసకగా ఉంటే నీళ్లకు పోయే మార్కింగ్ పెన్సిల్‌తో దిద్దుకోవచ్చు. బాల్ పెన్ను, పర్మనెంట్ మార్కర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. వాటి సిరా క్లియర్‌లోంచి పైకి ఊరుతుంది.

గీత లాగడం

కాలం కూడా చూసుకోవాలి. వానాకాలంలో గాలిలో తేమకు రంగు తెల్లబారుతుంది. మే ఎండలో రేకు కాలి, రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది. ధనుర్మాసం మంచిది, ముగ్గుల నెల కూడా. మంచు ఆరాక, ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా నీడలో పని చేసుకోవచ్చు. అరచేతి వెనక భాగం రేకుకు ఆనిస్తే చల్లగా అనిపించాలి.

పొడవాటి వెంట్రుకలున్న సన్నటి లైనర్ బ్రష్ తీసుకోండి. పొట్టి వెంట్రుకల బ్రష్ రంగు ఎక్కువ పట్టదు, మెలిక మధ్యలోనే ఆగిపోతుంది. రంగు పాలకంటే చిక్కగా, చిక్కటి మజ్జిగలా ఉండాలి. ముంచిన బ్రష్‌ను పాత కార్డు ముక్క మీద అటూ ఇటూ తిప్పి మొనదేల్చి అప్పుడు పెట్టండి. చిటికెన వేలు రేకుకు ఆనించి, చూపు బ్రష్ మొన మీద కాకుండా గీత వెళ్లాల్సిన తర్వాతి చుక్క మీద పెట్టి, మణికట్టు తిప్పకుండా మోచేతితో లాగండి. ముగ్గు పిండి వదిలేటప్పుడు మనం చూసేది కూడా వేళ్లను కాదు, ముందున్న చుక్కనే. చేతికి ఆనడానికి కర్ర చివర గుడ్డ ఉండ కట్టుకుని రేకుకు ఆనించుకుంటే తడి గీతల మీద చెయ్యి పడదు.

గీత ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి? ఒక గీత ఇంకో గీతను దాటే కూడలిలో. అక్కడ అతుకు కనబడదు. పై వరస నుంచి కిందికి, కుడిచేతి వాటమైతే ఎడమ నుంచి కుడికి రండి. గీత వణికిందా? చిన్న వణుకైతే వదిలేయండి. చేత్తో వేసిందని తెలిసేది దానివల్లే. పెద్దదైతే తడి ఆరకముందే తుడిచి, ఆ మెలిక మొత్తం మళ్లీ లాగండి, మధ్యలో అతుకు వేయొద్దు. పని అయ్యాక రెండు రోజులు ఆరనిచ్చి, మిగిలిన సుద్దపొడిని మెత్తటి తడిగుడ్డతో ఎత్తేయండి.

క్లియర్ కోటు

ఇది మీరు ఇంట్లో చేయొద్దు. టూకే క్లియర్ హార్డనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఆ తుంపర పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ఒకసారి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. గుడ్డ మాస్కులు, సర్జికల్ మాస్కులు దాన్ని ఆపలేవు. హార్డనర్ కలిసిన స్ప్రే డబ్బాలదీ అదే ప్రమాదం. హార్డనర్ లేని మామూలు స్ప్రే క్లియర్ వాడొచ్చు కదా అంటే, దాని మీద పెట్రోల్ చుక్క పడితే కరిగిపోతుంది. కాబట్టి బూత్ (రంగు కొట్టడానికి మూసి ఉండే గది), గాలి అందించే మాస్కు ఉన్న షెడ్డుకే వెళ్లండి.

వెళ్లి దగ్గర నిలబడి చెప్పండి. "మేస్త్రీ, ముగ్గు మీద థిన్నర్ గుడ్డ పెట్టొద్దు." ఇది మొట్టమొదట చెప్పాలి. క్లియర్‌కు ముందు థిన్నర్‌తో తుడవడం వాళ్ల చేతికి అలవాటు, మీ రెండు రోజుల పని ఒక్క తుడుపులో పోతుంది. దుమ్ము ఎత్తే జిగురు గుడ్డ చాలు. మొదటి కోటు తడిగా కాకుండా పొగమంచులా చల్లి, పది పదిహేను నిమిషాలు ఆగి, మళ్లీ అలాగే ఇంకోటి చల్లమనండి. ఆ తర్వాతే నిండు కోట్లు రెండు. గీత దగ్గర మాత్రమే కొట్టి ఆపకుండా, రేకు అంచుల దాకా పోవాలి. మధ్యలో ఆపితే ఆ అంచు ఎప్పటికీ కనబడుతుంది.

వేలితో తడిమితే గీత ఇంకా ఎత్తుగా తగలొచ్చు. నున్నగా కావాలంటే క్లియర్ పూర్తిగా గట్టిపడ్డాక 1200 వాటర్ పేపర్‌తో పైపైన రుద్ది, మరో రెండు కోట్లు కొట్టించాలి. ఖర్చు పెరుగుతుంది. నాకు ఆ కొద్దిపాటి ఎత్తు చేతికి తగలడమే ఇష్టం, అందుకే చేయించను.

తర్వాత

మొదటి వారం కడగొద్దు. నెల రోజుల దాకా వాక్స్, పాలిష్ వద్దు, లోపలి ద్రావకం బయటికి పోవాలి. ప్రెషర్ గన్‌ను ముగ్గు అంచు మీద దగ్గరగా పెట్టొద్దు. పిట్ట రెట్ట పడితే ఎండకు కాలకముందే నీళ్లతో నానబెట్టి తీసేయండి. పొడి దుమ్మును పొడి గుడ్డతో తుడిచే అలవాటుంటే ఇప్పుడే మానేయాలి. ఆ దుమ్ములోని ఇసుకే సన్నటి గీతలు పడేసేది. కారు తుడిచే అబ్బాయి ఉంటే అతనికి మైక్రోఫైబర్ గుడ్డ మీరే కొనివ్వండి.

సూదితో పొడిచిన బటర్ పేపర్‌ను మడవకుండా గొట్టంలా చుట్టి దాచండి. ఏ సిగ్నల్ దగ్గరో వెనక నుంచి ఎవరైనా గుద్ది డిక్కీ తలుపు మార్చాల్సి వస్తే, అదే ముగ్గు మళ్లీ దించుకోవచ్చు. మిగిలిన రంగును చిన్న గాజు సీసాలో నిండుగా పోసి, మూత బిగించి, రంగు పేరు, ఎంత పల్చన చేశారో, వేసిన తేదీ సీసా మీద రాసి పెట్టండి.